బ్యాకప్ ఎంతసేపు వస్తుంది? ఇన్వర్టర్ గంటల లెక్కపై ఒక సమీక్ష

ఇన్వర్టర్ కొనడానికి వెళ్లినవాళ్లు దుకాణంలో ముందుగా అడిగేది ధర కాదు, కరెంటు పోతే ఎంతసేపు వస్తుందని. మూడు నాలుగు గంటలకు ఢోకా లేదన్న జవాబు వెంటనే వస్తుంది. ఆ జవాబు అబద్ధం కాదు గానీ, అదే బ్యాటరీ ఒక ఇంట్లో గంటన్నరకే చేతులెత్తేస్తుంది, ఇంకో ఇంట్లో రాత్రంతా నడిచి తెల్లారాక కూడా మిగులుతుంది. కొన్న మొదటి ఏడు ఇచ్చిన గంటలను నాలుగో ఏడు ఇవ్వదు. వీటికి తోడు గత పదేళ్లలో లిథియం బ్యాటరీలు, తక్కువ కరెంటు తాగే బీఎల్‌డీసీ ఫ్యాన్లు, మేడ మీది సోలార్ పలకలు, విద్యుత్ గ్రిడ్‌కే పెట్టే భారీ బ్యాటరీలు వచ్చి చేరాయి. ప్రతి వర్గమూ తన లెక్కే సరైనదంటోంది. గృహస్థులు, దుకాణదారులు, ఆసుపత్రి నిర్వాహకులు, రొయ్యల రైతులు మాత్రం వేర్వేరు అవసరాలతో ఒకే ప్రశ్న అడుగుతూ, ఒకరికి పనికొచ్చే జవాబును ఇంకొకరు వాడుకుని నష్టపోతున్నారు. అందుకే ఈ చర్చను మొదటి నుంచి పేర్చి చూడాలి.

సీసం నుంచి లిథియం దాకా

ఫ్రెంచి శాస్త్రవేత్త గాస్టన్ ప్లాంటె 1859లో సీసం, గంధకామ్లాలతో మళ్లీ మళ్లీ ఛార్జి చేసుకోగల బ్యాటరీని తయారుచేశాడు. 1881లో కమిల్ ఫోర్ పలకలకు సీసం ముద్దను పట్టించే పద్ధతి కనిపెట్టాక దానికి పారిశ్రామిక రూపం వచ్చింది. మన ఇళ్లలో మెట్ల కింద కూర్చున్న ట్యూబ్యులర్ బ్యాటరీ ఆ వంశానిదే. రసాయనం మారలేదు, పలకల నిర్మాణం మాత్రమే మెరుగైంది.

తెలుగునాట ఈ బ్యాటరీ ఇంటి సామాను కావడానికి కారణం కరెంటు కోతలే. 2012, 2013 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గంటల తరబడి కోతలు, పరిశ్రమలకు పవర్ హాలిడేలు మామూలైపోయాయి. 2012 జులై 30, 31 తేదీల్లో ఉత్తరాది గ్రిడ్ కుప్పకూలి కోట్లాదిమంది చీకట్లో ఉండిపోయారు. 2013 డిసెంబర్ 31న రాయచూరు, షోలాపూర్ లైన్ ద్వారా దక్షిణాది గ్రిడ్ దేశపు గ్రిడ్‌తో కలిసింది. ఆ తర్వాతి సంవత్సరాల్లో కొరత కోతలు బాగా తగ్గాయి. మిగిలినవి గాలివానకు తెగే తీగలు, వేసవిలో పేలే ట్రాన్స్‌ఫార్మర్లు, మరమ్మతుల కోసం ఆపే ఫీడర్లు. అంటే రోజూ నాలుగు గంటలని ముందే తెలిసే కోత పోయి, ఎప్పుడు వస్తుందో ఎంతసేపుంటుందో తెలియని కోత మిగిలింది. బ్యాటరీ మార్కెట్టు మాత్రం ఇంకా పాత కోతకు సరిపడే మాటలతోనే సరుకు అమ్ముతోంది.

లిథియం అనే రెండో పాయ 1991లో మొదలైంది. ఆ ఏడాది సోనీ సంస్థ లిథియం అయాన్ బ్యాటరీని మార్కెట్లోకి తెచ్చింది. 1997లో అక్షయ పాఢి, నంజుండస్వామి, జాన్ గుడ్‌ఇనఫ్ బృందం లిథియం ఐరన్ ఫాస్ఫేట్ పదార్థాన్ని ప్రకటించింది. కోబాల్ట్, నికెల్ రకాలతో పోలిస్తే బరువుకు తగ్గ నిల్వ దీనిలో కాస్త తక్కువే. కానీ వేడెక్కి మంటలంటుకునే ప్రమాదం తక్కువ, ఆయుష్షు ఎక్కువ. ఇళ్లకు, దుకాణాలకు ఇప్పుడు లిథియం పేరుతో వస్తున్నది చాలావరకు ఇదే రకం. బ్లూమ్‌బర్గ్ ఎన్‌ఈఎఫ్ అనే పరిశోధన సంస్థ లెక్క ప్రకారం 2010లో కిలోవాట్ అవర్‌కు వెయ్యి డాలర్లు దాటి ఉన్న లిథియం ప్యాక్ సగటు ధర 2024లో 115 డాలర్లకు దిగింది. ఇంత పతనం లేకపోతే ఈనాటి చర్చే ఉండేది కాదు.

ఏహెచ్ అంకె ఎక్కడ మోసం చేస్తుంది

బ్యాటరీ మీద పెద్ద అక్షరాలతో ఉండేది యాంపియర్ అవర్ల అంకె, వాడుకలో ఏహెచ్. 12 వోల్టుల 150 ఏహెచ్ బ్యాటరీలో ఉన్నది కాగితం మీద 1,800 వాట్ అవర్లు. అందులో మన ఫ్యాన్‌కు చేరేది ఎంతన్నదే అసలు లెక్క, అక్కడ నాలుగు చోట్ల గండి పడుతుంది.

మొదటిది ఇన్వర్టర్. బ్యాటరీ కరెంటును ఇంటి కరెంటుగా మార్చడంలో సుమారు 15 శాతం వేడి రూపంలో పోతుంది. రెండోది లోతు. సీసం బ్యాటరీని అడుగంటా వాడితే పలకలు త్వరగా చెడతాయి కాబట్టి 80 శాతం దగ్గర ఆపడం మేలు. మూడోది వేగం. 150 ఏహెచ్ అన్న అంకె సాధారణంగా 20 గంటలపాటు నిదానంగా, ఏడున్నర యాంపియర్ల చొప్పున వాడితే వచ్చేది. లోడ్ పెరిగేకొద్దీ సీసం బ్యాటరీ ఇచ్చే మొత్తమే తగ్గిపోతుంది. జర్మన్ శాస్త్రవేత్త విల్హెల్మ్ ప్యూకర్ట్ 1897లోనే ఈ సూత్రాన్ని అంకెల్లో పెట్టాడు. లోడ్ రెట్టింపైతే సమయం సగమవుతుందనుకుంటాం. సీసంలో అది సగానికన్నా కిందికి పోతుంది.

నాలుగోది వయసు, దానితో పెనవేసుకున్న ఎండ. సామర్థ్యాన్ని మన దేశంలో 27 డిగ్రీల ఉష్ణోగ్రత వద్ద కొలుస్తారు. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే సీసం బ్యాటరీ ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుందన్నది ఆ రంగంలో అందరూ ఒప్పుకున్న లెక్క. రామగుండంలో, రెంటచింతలలో మే నెలలో రేకుల షెడ్డు కింద ఉన్న బ్యాటరీ సంగతి ఊహించవచ్చు. చిక్కేమిటంటే వేడిలో రసాయన చర్య చురుకవుతుంది కాబట్టి ఆ వేసవికి ఆ బ్యాటరీ కొంచెం ఎక్కువే ఇస్తుంది. నష్టం మరుసటి ఏడు గాని బయటపడదు. అప్పటికి కొన్నవారికి ఎండ గుర్తుండదు, కంపెనీ మీదనో డిస్టిల్డ్ వాటర్ మీదనో నింద పడుతుంది.

ఇవి కాక ఎవరూ అడగని ఐదో సంగతి ఒకటుంది, అదే నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది: ఖాళీ అయిన బ్యాటరీ ఎంతసేపట్లో నిండుతుంది? 150 ఏహెచ్ సీసం బ్యాటరీ పూర్తిగా నిండడానికి మామూలు ఇంటి ఇన్వర్టర్‌తో పది పన్నెండు గంటలు పడుతుంది. పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు కరెంటు పోతే సాయంత్రపు కోతను ఎదుర్కొనేది సగం నిండిన బ్యాటరీయే. దక్షిణాఫ్రికాలో 2022, 2023 సంవత్సరాల్లో రోజుకు పలుమార్లు వంతులవారీ కోతలు పెట్టినప్పుడు ఇది విస్తారంగా బయటపడింది. రెండేసి గంటల కోతల మధ్య సీసం బ్యాటరీలు నిండే వ్యవధి దొరక్క, ఎప్పుడూ అరకొరగా ఉండి త్వరగా పాడయ్యాయి. అక్కడి జనం లిథియం వైపు మళ్లడానికి ప్రధాన కారణం రెండు మూడు గంటల్లో నిండే గుణమే. గంటల లెక్కలో విరామాన్ని చేర్చకపోతే ఆ లెక్కకు అర్థం లేదు.

సీసమా, లిథియమా

100 ఏహెచ్ లిథియం తీసుకుంటే 150 ఏహెచ్ సీసంతో సమానమన్న మాట మార్కెట్లో బాగా వినిపిస్తుంది. సీసం వర్గం దీన్ని కొట్టిపారేస్తుంది. లిథియం వర్గం ఇంకా ఎక్కువే వస్తుందంటుంది. లెక్క వేసి చూస్తే ఇద్దరి మాటలోనూ నిజముంది, అది లోడ్‌ను బట్టి అటూ ఇటూ మారుతుంది.

కింది పట్టికలో రెండూ కొత్త బ్యాటరీలే అనుకుందాం. ఒకటి 12 వోల్టుల 150 ఏహెచ్ సీసం, 80 శాతం లోతు వరకు. రెండోది 12.8 వోల్టుల 100 ఏహెచ్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్, 90 శాతం లోతు వరకు. ఇన్వర్టర్ సామర్థ్యం రెండింటికీ 85 శాతం. సీసానికి ప్యూకర్ట్ సూత్రంలోని ఘాతం 1.2 తీసుకున్నాను. ఈ అంకెలు సుమారు మాత్రమే, కానీ వాటి మధ్య పోలిక నమ్మదగినది.

| లోడ్ | వాట్లు | సీసం 150 ఏహెచ్ | లిథియం 100 ఏహెచ్ |
|---|---|---|---|
| రాత్రి వేళ రెండు బీఎల్‌డీసీ ఫ్యాన్లు, రెండు బల్బులు, రౌటర్ | 88 | 13 గంటలన్నర | 11 గంటలు |
| మూడు బీఎల్‌డీసీ ఫ్యాన్లు, నాలుగు బల్బులు, టీవీ, రౌటర్ | 186 | 5 గంటలన్నర | 5 గంటల పావు |
| అదే లోడ్, పాత రకం ఫ్యాన్లతో | 321 | 3 గంటలకు కాస్త తక్కువ | 3 గంటలు |
| కంప్యూటర్లు, ప్రింటర్ ఉన్న చిన్న దుకాణం | 600 | గంటా 20 నిమిషాలు | గంటా 40 నిమిషాలు |

తక్కువ లోడ్‌తో రాత్రి గడుపుకునే ఇంటికి సీసమే ఎక్కువసేపు వస్తుంది, అదీ తక్కువ ధరకు. లోడ్ పెరిగేకొద్దీ లిథియం ముందుకు వస్తుంది, ఎందుకంటే గట్టిగా లాగినా అది ఇచ్చే మొత్తం పెద్దగా తగ్గదు. సమానమన్న మాట సుమారు 200 నుంచి 300 వాట్ల మధ్యనే నిజం. దీనికి ఆయుష్షును కలిపితే తూకం మళ్లీ మారుతుంది. సీసం సామర్థ్యం 60 శాతానికి పడిపోయిన నాటికి మూడో వరుసలోని మూడు గంటలు రెండు గంటల లోపుకి దిగుతాయి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రెండు వేలు మొదలు ఆరు వేల దాకా ఛార్జి ఆవృత్తులు తట్టుకుంటుందని తయారీదారులు చెబుతారు. మంచి ట్యూబ్యులర్ సీసం దాని దరిదాపులకు రాదు.

అయితే నెలకు నాలుగుసార్లు కరెంటు పోయే ఊళ్లో ఆరు వేల ఆవృత్తులు ఎవరికి కావాలి? సీసం వర్గపు బలమైన వాదం ఇదే. దీనికి మరో రెండు కూడా జతచేస్తారు. పాత సీసం బ్యాటరీకి తిరిగి డబ్బొస్తుంది, అందులోని సీసాన్ని కరిగించి మళ్లీ వాడే వ్యవస్థ దేశమంతటా ఉంది. ఆ కరిగించే పని అనుమతుల్లేని కొలిమిల్లో జరిగినప్పుడు చుట్టుపక్కల పిల్లల రక్తంలోకి సీసం చేరుతుందన్న సంగతిని మాత్రం ఆ వాదం దాటేస్తుంది. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు పాత బ్యాటరీల సేకరణ బాధ్యతను ఉత్పత్తిదారుల మీద పెట్టాయి. లిథియానికి ఆ సేకరణ గొలుసు ఇంకా పసిదశలోనే ఉంది.

లోడ్ తగ్గించండి అనే పక్షం

మూడో వర్గం బ్యాటరీ గురించే మాట్లాడదు. పాత సీలింగ్ ఫ్యాన్ 75 వాట్లు తాగుతుంది, బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 వాట్లతో అంతే గాలి ఇస్తుంది. పట్టికలో రెండో, మూడో వరుసల తేడా మూడు ఫ్యాన్లు మార్చినందువల్ల వచ్చింది. బ్యాటరీ ఏదైనా గంటలు రెట్టింపుకు దగ్గరయ్యాయి. 2023 జనవరి నుంచి సీలింగ్ ఫ్యాన్లకు స్టార్ రేటింగ్ తప్పనిసరి కావడం ఈ వర్గానికి కలిసొచ్చింది. ఈ మొత్తం చర్చలో అతి తక్కువ ఖర్చుతో అతి ఎక్కువ సమయం ఇచ్చే మార్గం ఇదేనని అంకెలు చూస్తే ఒప్పుకోక తప్పదు. దుకాణంలో మాత్రం ఈ సలహా వినిపించదు. రెండో బ్యాటరీ అమ్మగలిగినప్పుడు ఫ్యాన్ మార్చమని చెప్పేవారు అరుదు.

ఇదే వర్గం ఇంకో ఉపయోగకరమైన మాట చెబుతుంది: కొన్ని సాధనాలకు కరెంటును కాక ఫలితాన్ని నిల్వ చేసుకోవచ్చు. మేడ మీది ట్యాంకు నిండి ఉంటే అర హార్స్‌పవర్ మోటారును ఇన్వర్టర్‌కు కలపాల్సిన పని లేదు. తలుపు తీయకుండా ఉంచితే ఫ్రిజ్ నాలుగు గంటలు చల్లదనం నిలుపుకుంటుందని, నిండుగా ఉన్న ఫ్రీజర్ రెండు రోజుల దాకా ఆగుతుందని అమెరికా వ్యవసాయ శాఖ మార్గదర్శకాలు చెబుతాయి. మన వేసవి వంటింట్లో అది ఇంకొంత తగ్గవచ్చు గానీ, రెండు గంటల కోత కోసం ఫ్రిజ్‌ను బ్యాటరీకి కట్టడం వృథా. కంప్రెసర్ నడుస్తున్నప్పుడు 100, 150 వాట్లే అయినా మొదలయ్యే క్షణంలో దానికి అనేక రెట్లు లాగుతుంది. చిన్న ఇన్వర్టర్ ఆ దెబ్బకే ట్రిప్ అవుతుంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో టీకాలు దాచే ఐస్ లైన్డ్ రిఫ్రిజిరేటర్లు గోడల్లోనే మంచును నింపుకుని కరెంటు లేకుండా 20 గంటలకు పైగా చల్లగా ఉండేలా తయారవుతాయి. టీకాల విషయంలో సమస్య ఇంత చక్కగా తీరడానికి కారణం బ్యాటరీ కాదు, ఎంతసేపు ఆగాలో ముందే నిర్ణయించి పరికరాన్ని దానికి తగ్గట్టు చేయించుకోవడం.

ఈ పక్షానికి హద్దు ఏసీ దగ్గర వస్తుంది. టన్నున్నర ఏసీ పూర్తి జోరులో 1,500 వాట్లు తాగుతుంది. 51.2 వోల్టుల 100 ఏహెచ్ లిథియం ప్యాక్ దాన్ని మూడు గంటల లోపే నడపగలదు. గది చల్లబడి ఇన్వర్టర్ ఏసీ 500 వాట్లకు తగ్గాక అయితే ఎనిమిది గంటలు. వడగాడ్పుల రోజుల్లో వృద్ధులున్న ఇంటికి ఏసీ విలాసమేమీ కాదు కాబట్టి, లోడ్ తగ్గించుకోండన్న మాట అందరికీ ఒకేలా చెప్పలేం. ఇంట్లో ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్ మీద ఉన్న రోగి విషయంలో అసలే చెప్పలేం. ఐదు లీటర్ల యంత్రం 350 వాట్లు లాగితే కొత్త 150 ఏహెచ్ సీసం బ్యాటరీ రెండున్నర గంటలిస్తుంది, పాతది గంటన్నర. ఈ ఇళ్లలో గంటల లెక్క తప్పితే పోయేది సుఖం కాదు.

దుకాణం, డేటా సెంటర్, చెరువు

వ్యాపార అవసరాలకు వచ్చేసరికి ప్రశ్నే మూడు ముక్కలవుతుంది. కొన్నిటికి నిమిషాలు చాలు. హైదరాబాద్ చుట్టుపక్కల డేటా సెంటర్లలో యూపీఎస్ బ్యాటరీలను సాధారణంగా ఐదు నుంచి పదిహేను నిమిషాలకే లెక్కకట్టి పెడతారు, ఆలోగా డీజిల్ జనరేటర్లు అందుకుంటాయి. ఆపరేషన్ థియేటర్ లైట్ల వెనకా ఇదే ఏర్పాటు. కొన్నిటికి గంటలు కావాలి: జిరాక్స్ సెంటర్, మందుల దుకాణం, సెల్ టవర్, బ్యాంకు శాఖ. సెల్ టవర్లు ఇప్పటికే 48 వోల్టుల లిథియం వైపు వేగంగా కదిలాయి. తరచూ కోతలు, ఎండ, తక్కువ చోటు అనే మూడూ కలిసిన చోట అది గెలవడంలో ఆశ్చర్యం లేదు.

భారీ లోడ్‌ను గంటల తరబడి మోయాల్సిన మూడో రకానికి ఉదాహరణ భీమవరం పరిసరాల ఆక్వా చెరువులు. రాత్రిళ్లు, ముఖ్యంగా తెల్లవారుజామున, నీటిలో ప్రాణవాయువు తగ్గుతుంది. అప్పుడు ఏరియేటర్లు ఆగితే రొయ్యలు తేలిపోతాయి, పెట్టుబడి పోతుంది. రెండు హార్స్‌పవర్ ఏరియేటర్లు నాలుగు తిరగాలంటే సుమారు ఆరు కిలోవాట్లు. ఆరు గంటల కోతకు 36 కిలోవాట్ అవర్లు. దీన్ని 150 ఏహెచ్ సీసం బ్యాటరీలతో గడపాలంటే దాదాపు 35 కావాలి, ఐదు కిలోవాట్ అవర్ల లిథియం ప్యాకులైతే పది. అదే శక్తి చిన్న జనరేటర్‌కు పన్నెండు లీటర్ల డీజిల్‌లో దొరుకుతుంది. బ్యాటరీ వచ్చేసింది, డీజిల్ కాలం చెల్లిందని రాసేవారు ఈ చెరువు గట్టు మీద ఒక్కసారి లెక్క వేసి చూడాలి. పన్నెండో లీటరు అయిపోతే పదమూడోది పోయవచ్చు. బ్యాటరీకి ఆ సౌకర్యం లేదు.

డీజిల్ పక్షం బలమంతా అక్కడే ఉంది, బలహీనత అపార్ట్‌మెంట్లలో ఉంది. లిఫ్టు, నీటి మోటారు, మెట్ల లైట్లు, అన్నీ ఒకేసారి ఎక్కువసేపు నడిచేవి కావు. గంటకు కొన్ని నిమిషాలు తిరిగే లిఫ్టు కోసం గంటంతా జనరేటర్ మోగుతుంది, పొగ పై అంతస్తుల కిటికీల్లోకి పోతుంది. ఒక్కసారిగా ఎక్కువ లాగి ఆగిపోయే ఇలాంటి లోడ్‌కు లిథియం సరిగ్గా సరిపోతుంది. విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలకు 2022లో చేసిన సవరణ, డీజిల్ జనరేటర్లను బ్యాకప్‌గా వాడేవారు ఐదేళ్లలో బ్యాటరీతో కూడిన పునరుత్పాదక విద్యుత్తు వంటి శుభ్రమైన పద్ధతులకు మారే ప్రయత్నం చేయాలంది. అపార్ట్‌మెంట్లకు అది సాధ్యమే. చెరువులకు, కోళ్లఫారాలకు అదే గడువు పెట్టడం లోడ్ స్వభావాన్ని చూడకుండా రాసిన మాట.

రోజులు గడవాల్సి వస్తే

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని తాకినప్పుడు, 2018 అక్టోబర్‌లో తిత్లీ శ్రీకాకుళాన్ని ఊడ్చినప్పుడు కరెంటు రోజుల తరబడి రాలేదు. ఏ ఇన్వర్టరైనా మొదటి రాత్రికే ఆగిపోయింది. తెలుగువాళ్లు పెద్దసంఖ్యలో ఉన్న టెక్సస్‌లో 2021 ఫిబ్రవరి మంచు తుపాను, 2024 జులైలో హ్యూస్టన్‌ను దెబ్బతీసిన బెరిల్ హరికేన్ ఇదే అనుభవాన్నిచ్చాయి. అక్కడ ఇంటి బ్యాటరీగా పేరుపొందిన టెస్లా పవర్‌వాల్‌లో 13.5 కిలోవాట్ అవర్లుంటాయి, మన 150 ఏహెచ్‌కు ఏడున్నర రెట్లు. కానీ సగటు అమెరికా ఇల్లు రోజుకు 29 కిలోవాట్ అవర్ల దాకా వాడుతుంది కాబట్టి మామూలుగా బతికితే అది సగం రోజు కూడా రాదు.

సూర్యుడు తోడైతే కథ మారుతుంది. లారెన్స్ బర్క్‌లీ జాతీయ ప్రయోగశాల 2022లో అమెరికా జిల్లాలన్నిటికీ వేసిన లెక్కల్లో, సోలార్‌తో కలిసిన 10 కిలోవాట్ అవర్ల బ్యాటరీ అత్యవసర లోడ్‌ను మూడు రోజులపాటు దాదాపు ప్రతిచోటా నిలబెట్టగలదని తేలింది, గదిని వేడిచేయడం, చల్లబరచడం అందులో లేకపోతేనే. అవి చేరితే 30 కిలోవాట్ అవర్లు పెట్టినా కొన్నిచోట్ల కొంత లోటు పడింది.

మన దగ్గర ఇక్కడొక పెద్ద అపోహ ఉంది. 2024 ఫిబ్రవరిలో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకం కింద మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీతో ఎన్నో ఇళ్ల మీద పలకలు వెలిశాయి. ఇక కరెంటు పోయినా మనకు చింత లేదని చాలామంది అనుకుంటున్నారు. బ్యాటరీ లేని ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్ కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. తీగ మీద పనిచేస్తున్న లైన్‌మన్‌కు మన మేడ మీది కరెంటు తగలకుండా ఉండడానికి అలా ఆగి తీరాలి. మిట్టమధ్యాహ్నం ఎండలో, నెత్తిన మూడు కిలోవాట్ల పలకలున్న ఇంట్లో ఫ్యాన్ తిరగదు. పలకలు బిగించేవారు ఒప్పందం రోజునే ఈ సంగతి కాగితం మీద రాసివ్వాలి. హైబ్రిడ్ ఇన్వర్టర్‌తో చిన్న లిథియం ప్యాక్ పెట్టుకున్న ఇల్లు మాత్రం తుపాను వెలిశాక పగటిపూట నింపుకుంటూ, రాత్రికి ఫ్యాన్లు, లైట్లు, ఫోన్లతో వారం గడపగలదు. పెద్ద బ్యాటరీ కన్నా రోజూ నిండే చిన్న బ్యాటరీ ఎక్కువ కాలం ఆదుకుంటుంది.

ఇంటింటికా, సబ్‌స్టేషన్‌కా

మరో వర్గం మొత్తం చర్చనే పక్కకు తోస్తుంది. ఇన్ని లక్షల ఇళ్లలో ఇన్ని లక్షల బ్యాటరీలు ఎందుకు, గ్రిడ్‌కే నిల్వ పెడితే కరెంటే పోదు కదా అంటుంది. 2017లో దక్షిణ ఆస్ట్రేలియాలో 100 మెగావాట్లు, 129 మెగావాట్ అవర్లతో మొదలైన హార్న్స్‌డేల్ బ్యాటరీ ఈ ఆలోచనకు పేరు తెచ్చింది. అంకెలు గమనిస్తే పూర్తి జోరులో అది నడిచేది గంటా 17 నిమిషాలే. దాని పని ఇళ్లను రాత్రంతా నడపడం కాదు, గ్రిడ్ తొట్రుపడిన క్షణంలో నిలబెట్టడం. కాలిఫోర్నియాలో నాలుగు గంటలు నిలబడగలిగినంత శక్తినే బ్యాటరీ సామర్థ్యంగా లెక్కలోకి తీసుకునే నిబంధన ఉండడంతో అక్కడ నాలుగు గంటల బ్యాటరీలు పెరిగాయి. మన కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2025 ఫిబ్రవరిలో కొత్త సౌర టెండర్లలో సామర్థ్యంలో పది శాతానికి రెండు గంటల నిల్వ ఉండాలని సూచించింది. అంటే బ్యాటరీ గంటలు రసాయనాన్ని బట్టే కాదు, నిబంధన రాసినవారిని బట్టి కూడా నిర్ణయమవుతున్నాయి.

ధరలు ఈ వర్గానికి ఊపిరి. 2022లో సోలార్ ఎనర్జీ కార్పొరేషన్ వేలంలో మెగావాట్‌కు నెలకు 10.83 లక్షల రూపాయలు పలికిన బ్యాటరీ నిల్వ, 2025 నాటి కొన్ని వేలాల్లో రెండున్నర లక్షల లోపుకి వచ్చింది. ఎక్కువ గంటలకు మాత్రం తెలుగు రాష్ట్రాలకు పాత నేస్తం నీరే. శ్రీశైలం ఎడమగట్టున ఆరు 150 మెగావాట్ల యూనిట్లు, నాగార్జునసాగర్‌లో ఏడు యూనిట్లు నీటిని వెనక్కి తోడగలిగే రకం. నంద్యాల జిల్లా పిన్నాపురంలో 1,680 మెగావాట్ల పంప్‌డ్ స్టోరేజీ వచ్చింది.

అయినా ఈ వాదంలో ఒక లోపం స్పష్టంగా ఉంది. మన ఇళ్లలో ఇప్పుడు పోతున్న కరెంటు చాలావరకు ఉత్పత్తి కొరత వల్ల పోవడం లేదు. వీధి చివర తీగ తెగినప్పుడు పిన్నాపురంలో ఎంత నీరున్నా ఆ వీధికి ఉపయోగం లేదు. గ్రిడ్ నిల్వ కొరత కోతలను ఆపుతుంది, చివరి కిలోమీటరు కోతను ఆపలేదు. వీధి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఉమ్మడి బ్యాటరీ పెట్టాలన్నది ఇంటి బ్యాటరీకి, గ్రిడ్ నిల్వకు నడుమ పుట్టిన ప్రతిపాదన. ఆసక్తికరమైనదే, కానీ దాని ఖర్చు ఎవరి బిల్లులో చేరాలన్న దగ్గర ఆగిపోతోంది.

ఇంకా తేలనివి

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ ఆయుష్షు అంకెలు ఎక్కువగా 25 డిగ్రీల ప్రయోగశాలవి. 40 డిగ్రీల గదిలో పదేళ్లు గడిపిన ఇంటి ప్యాకులు మన దగ్గర ఇంకా తగినన్ని లేవు కాబట్టి పదేళ్ల వారంటీ మాటను అనుభవంతో సరిచూసే రోజు రాలేదు. భద్రత విషయంలోనూ అంతే. 2025 జనవరిలో కాలిఫోర్నియాలోని మాస్ ల్యాండింగ్‌లో తగలబడిన భారీ గ్రిడ్ బ్యాటరీ నికెల్ రకం, ఇళ్లకు వచ్చేది అది కాదు. కానీ చవక ప్యాకుల్లో రక్షణ సర్క్యూట్ నాణ్యతను కొనేవారు చూసి తెలుసుకునే మార్గం లేదు. సీసం బ్యాటరీ ఛార్జింగులో హైడ్రోజన్ వదులుతుందని తెలిసి కూడా దాన్ని మూసిన అలమరాల్లో పెడుతూనే ఉన్నాం.

విద్యుత్ కారు ఈ లెక్కలన్నిటినీ తిరగరాయవచ్చు. 30 కిలోవాట్ అవర్ల కారు బ్యాటరీ మన 150 ఏహెచ్‌లు పదహారింటికి పైనే. 2023 నెక్సాన్ ఈవీ వంటి కార్లు బయటి సాధనాలకు కరెంటిచ్చే సదుపాయంతో వచ్చాయి. కారును ఇంటి వైరింగుకే కలిపి రాత్రంతా నడిపితే కారు బ్యాటరీ వారంటీ నిలుస్తుందా, విద్యుత్ పంపిణీ సంస్థ దాన్ని ఏ నిబంధన కింద అనుమతిస్తుందన్న చోట చర్చ మొదలైందంతే.

వీటన్నిటికన్నా సులువుగా తేలగలిగినది, ఏళ్ల తరబడి తేలనిది ఒకటుంది. బ్యాటరీ మీద ఏహెచ్‌తో పాటు 200 వాట్లకు, 400 వాట్లకు ఎన్ని గంటలు వస్తుందో, మూడేళ్ల తర్వాత 35 డిగ్రీల గదిలో ఎంత మిగులుతుందో, ఖాళీ అయితే నిండడానికి ఎంత పడుతుందో ముద్రించాలన్న డిమాండ్. ఫ్యాన్‌కు నక్షత్రాలు తప్పనిసరి చేయగలిగిన వ్యవస్థకు బ్యాటరీకి ఈ అంకెలు తప్పనిసరి చేయడం కష్టం కాదు. ఇవి కొలవడానికి కొత్త శాస్త్రమేమీ అక్కర్లేదు, తయారీదారులు తమ ప్రయోగశాలల్లో కొలుచుకునేవే. అవి పెట్టె మీదికి రానంతకాలం ఆక్సిజన్ యంత్రం ఉన్న ఇల్లు కూడా దుకాణదారు నోటి లెక్క మీదే ఆధారపడుతుంది.